పాత్రనెరిగి పోసిన ద్రాక్షారసం

1527 ఫిబ్రవరి చివరి వారం. ఆగ్రాకు పడమట, సిక్రీ పరిసరాల్లో బాబరు సేన విడిది చేసి ఉంది. ఎదుట మేవాడ్ రాణా సంగా నాయకత్వాన రాజపుత్రుల మహాసైన్యం. అప్పటికే జరిగిన చిన్న ఘర్షణలలో మొగలు సైనికులు దెబ్బతిన్నారు. కాబూలు నుంచి వచ్చిన జ్యోతిష్కుడొకడు గ్రహస్థితి బాగాలేదు, ఓటమి తప్పదని శిబిరమంతా చెప్పి తిరుగుతున్నాడు. సేనానుల నోట మాట రావడం లేదు. అటువంటి సమయంలో బాబరు ఇక జన్మలో మద్యం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. పానగోష్ఠులలో వాడే బంగారు, వెండి పాత్రలన్నీ తెప్పించి, ముక్కలు చేయించి, ఫకీర్లకూ పేదలకూ పంచిపెట్టాడు. గజనీ నుంచి ఒంటెల మీద అప్పుడే వచ్చిన ద్రాక్షారసంలో ఉప్పు కలిపించి పులిసిన సిర్కాగా మార్పించాడు. మిగిలినది నేల మీద పారబోయించి, అక్కడొక మెట్లబావి కట్టించమన్నాడు. ఆ వెంటనే ముస్లిం ప్రజలపై ఉన్న తమ్గా పన్ను రద్దు చేస్తూ ఫర్మానా వెలువడింది. మూడు వారాల తరువాత ఖాన్వా యుద్ధంలో ఆయన గెలిచాడు.

ఈ వృత్తాంతాన్ని చరిత్రకారులు సాధారణంగా ఒక పాపభీతిపరుడి పశ్చాత్తాపంగా చెబుతారు. బాబరు ఆత్మకథను జాగ్రత్తగా చదివితే అందులో ఆరితేరిన రాజకీయవేత్త కూడా కనిపిస్తాడు. పాత్రలు పగిలిన చప్పుడు సైన్యమంతటికీ వినిపించింది, ఆ ముక్కల్లోని బంగారం పేదల చేతికి అందింది, పన్ను మాఫీ ఊరూరా చేరింది. మద్యపానం మానడం వ్యక్తిగత విషయమే అయితే రాత్రికి రాత్రి గుడారంలోనే మానవచ్చు. దానిని పదిమంది ఎదుట చేస్తే అది పాలన. ఈ ఉపఖండంలో ద్రాక్షారసం గురించి, దానిని పోసే పాత్ర గురించి జరిగిన చర్చ ఏదీ ఆనాటి నుంచి ఈనాటి వరకు కేవలం రుచికి సంబంధించినదిగా మిగలలేదు.

దానం చేసేటప్పుడు పాత్రనెరిగి చేయమన్నారు మన పెద్దలు. 'పాత్ర' అంటే గిన్నె, 'పాత్రత' అంటే అర్హత. సంస్కృతం నుంచి తెలుగుకు వచ్చిన ఈ జంట పదాలు ఎర్ర ద్రాక్షారసం చరిత్రకు అతికినంతగా మరిదేనికీ అతకవు. ఏ మద్యానికి ఏ గ్లాసు తగినదో చెప్పే శాస్త్రం ఒకటి ఉంది. ఏ మనిషికి ఏ మద్యం తగినదో చెప్పే రాజకీయం మరొకటి ఉంది. మొదటిదాని వయసు వంద ఏళ్లు కూడా నిండలేదు. రెండవది కౌటిల్యుడి నాటిది.

అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే అధికారికి ప్రత్యేకంగా ఒక ప్రకరణమే ఉంది. మద్యం ఎక్కడ కాచాలి, ఎవరికి ఎంత అమ్మాలి, పానశాలలో గదులు ఎలా ఉండాలి, మత్తులో పడిపోయినవాడి నగలు ఎవరు కాపాడాలి వంటివన్నీ అక్కడ కనిపిస్తాయి. ద్రాక్షరసంతో చేసిన మద్యాన్ని కౌటిల్యుడు 'మధు' అన్నాడు. అది పుట్టిన చోటును బట్టి కాపిశాయనం, హారహూరకం అని పేర్లు వచ్చాయన్నాడు. అంటే ఆనాటికే మంచి ద్రాక్షారసానికి ఊరి పేరే బిరుదు. బోర్డో, బర్గండీ అంటూ నేడు ఫ్రాన్సులో చేసే పని అది. కాపిశి నేటి ఆఫ్ఘనిస్తాన్‌లోని బెగ్రామ్ ప్రాంతం. అమెరికా సైన్యపు వైమానిక స్థావరంగా వార్తలకెక్కిన బెగ్రామే ఇది. అక్కడ 1937లోనూ, 1939లోనూ ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వినప్పుడు మూసివేసిన రెండు గదుల్లో గొప్ప నిధి బయటపడింది. భారతీయ దంతపు చెక్కడాలు, చైనా లక్క పెట్టెలు, వాటి మధ్య రోమన్ ప్రపంచం నుంచి వచ్చిన గాజు పానపాత్రలు. కొన్నింటి మీద రంగుల బొమ్మలు కూడా ఉన్నాయి. ద్రాక్షారసానికి పేరుబడ్డ ఊరికి గాజు పాత్ర అంతదూరం నుంచి, ఎడారులు దాటి, పగలకుండా చేరిందన్నమాట.

దక్షిణాదికి అది సముద్రం మీద వచ్చింది. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు రాసిన పెరిప్లస్ అనే వర్తక గ్రంథం భరుకచ్ఛ రేవులో దిగుమతయ్యే సరుకుల్లో మద్యాన్ని పేర్కొంది. ఇటలీ ద్రాక్షారసానికి గిరాకీ ఎక్కువ, లవొదికయా, అరేబియాలవి తరువాత. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాలలో ఆ మద్యం మోసుకొచ్చిన రెండు పిడుల మట్టి జాడీల ముక్కలు దొరికాయి. సంగం కాలపు తమిళ కవి ఒకరు యవనులు తెచ్చిన చల్లని మద్యాన్ని బంగారు పాత్రలో అందుకునే పాండ్యరాజును కీర్తించాడు. జాడీ మట్టిది, పాత్ర బంగారానిది. ఓడ నుంచి రాజు పెదవి వరకు సాగిన ఆ ప్రయాణంలో మద్యం మారలేదు, పాత్ర మారింది.

మొగలుల దగ్గరకు మళ్లీ వస్తే, బాబరు మునిమనుమడు జహంగీరు ఒట్టు పెట్టుకునే రకం కాదు. 1605లో సింహాసనం ఎక్కగానే జారీ చేసిన పన్నెండు ఆజ్ఞలలో మత్తు పదార్థాల తయారీ, అమ్మకం నిషిద్ధమన్నది ఒకటి. ఆ ఆజ్ఞను తన స్మృతులలో నమోదు చేస్తూనే, తాను పద్దెనిమిదో ఏట నుంచి తాగుతున్నానని కూడా ఆయన దాపరికం లేకుండా రాసుకున్నాడు. ఒక దశలో రోజుకు ఇరవై గిన్నెలు, అందులో పద్నాలుగు పగలే. చేతులు వణికి పాత్ర పట్టుకోలేని స్థితి వస్తే ఇతరులు తాగించవలసి వచ్చింది. హకీం హుమాం అనే వైద్యుడు, ఇలాగే సాగితే ఆరు నెలల తరువాత చేసేదేమీ ఉండదని చెప్పాక కొంత తగ్గించాడు. పాలకుడి పానం ఆత్మకథలోకి, పాలితుడి పానం శిక్షాస్మృతిలోకి వెళ్లడం అక్కడితో మొదలూ కాలేదు, అక్కడితో ఆగనూ లేదు.

ఆంగ్లేయ రాయబారి సర్ థామస్ రో అజ్మీరులో ఈ చక్రవర్తి కొలువులో ఉన్నప్పుడు ఒక రాత్రి పిలుపు వచ్చింది. 1616 సెప్టెంబరు, చక్రవర్తి పుట్టినరోజు వేడుకలు. కెంపులు, పచ్చలు, ఫిరోజా రాళ్లు పొదిగిన బంగారు పాత్రలో మద్యం ఇచ్చి తాగమన్నాడు. ద్రాక్షారసంలో వేరే ఘాటైన సారా కలిపిన ఆ మిశ్రమం రో ఎన్నడూ రుచి చూసి ఎరుగడు. గుటక వేయగానే తుమ్ము వచ్చింది. చక్రవర్తి నవ్వి, ఎండుద్రాక్ష, బాదం తెప్పించి పెట్టి, పాత్రను కూడా బహుమతిగా ఇచ్చాడు. ఈ కొలువులో పని జరగాలంటే వజ్రాలకన్నా మేలైన ఎర్ర ద్రాక్షారసం పెట్టెలు పంపడమే మంచిదని రో తన కంపెనీ యజమానులకు సలహా రాశాడు. భారత బ్రిటిష్ దౌత్య చరిత్రలో తొలి వాణిజ్య నివేదికలలో ఒకటి ఎర్ర మద్యం గురించినది కావడం గుర్తుంచుకోదగిన విషయం.

జహంగీరు వాడిన పచ్చరాతి పాత్ర ఒకటి, 1607-08 నాటిది, ఇప్పుడు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. షాజహాన్ కోసం 1657లో చెక్కిన తెల్లని పచ్చరాతి పాత్ర లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పైన అడ్డంగా కోసిన సొరకాయ ఆకారం, అడుగున తామర రేకులు, పిడి మేకపోతు తల. అందులో పోసినది మద్యమే అన్న రుజువు లేకపోయినా లోకం దానిని మద్యపాత్ర అనే పిలుస్తోంది. ఆ ఏడాదే షాజహాన్ జబ్బుపడ్డాడు, కొడుకుల మధ్య వారసత్వ యుద్ధం మొదలైంది. పాత్ర మాత్రం చేతులు మారుతూ పందొమ్మిదో శతాబ్దంలో ఒక బ్రిటిష్ సైనికాధికారి సేకరణలో చేరింది.

ఈ పాత్రలు ఎంత అందమైనవైనా ద్రాక్షారసాన్ని ఆస్వాదించడానికి పనికిరావు. రాతిలో రంగు కనబడదు, వెడల్పు నోరు గల లోతులేని గిన్నెలో వాసన నిలవదు. నిజానికి అవి చేసిన పని వేరు. అవి చూపించినది మద్యాన్ని కాదు, చక్రవర్తిని.

మద్యాన్ని చూపించే పాత్ర రావడానికి గాజు స్వచ్ఛం కావలసి వచ్చింది. వెనిస్ దగ్గరి మురానో దీవిలో పదిహేనో శతాబ్దం మధ్యలో ఏంజెలో బరోవియర్ రంగులేని గాజును సాధించాడు. లండన్‌లో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ 1674లో కొత్త గాజుకు పేటెంటు తీసుకుని, కొద్దికాలంలోనే సీసం కలిపి బరువైన, మెరిసే, మీటితే మోగే గాజును తయారుచేశాడు. దాని మీద కన్ను పడిన మొదటివాడు రసికుడు కాదు, పన్ను వసూలుదారు. 1745లో బ్రిటిష్ పార్లమెంటు గాజు ముడిసరుకుపై బరువు లెక్కన పన్ను వేసింది. దానితో గ్లాసులు చిన్నవయ్యాయి, కాడలు సన్నబడ్డాయి, కాడ లోపల గాలి మెలికలు పెట్టి బరువు తగ్గించి అందం పెంచే కళ వర్ధిల్లింది. ఆ పన్ను లేని ఐర్లండ్‌లో అదే కాలంలో బరువైన చెక్కుడు గాజు పెరిగింది. ఈ పన్ను 1845లో గానీ పోలేదు. నేడు పాత వస్తువుల వేలంలో లక్షలు పలికే ఆ సన్నకాడల గ్లాసుల సొగసుకు సగం కారణం ఖజానా శాఖ.

ఈస్టిండియా కంపెనీ దొరలు ఈ గాజును, బోర్డో ఎర్ర మద్యాన్ని ఓడల్లో తెప్పించుకున్నారు. ఆ మద్యాన్ని వారు క్లారెట్ అనేవారు. ఎండదెబ్బకు క్లారెట్ పాడయ్యేది, అదే ఎండకు మదీరా మద్యం మరింత బాగుపడేది. అందుకే కలకత్తా, మద్రాసు విందుల్లో మదీరాకు అంత స్థానం దక్కింది. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆస్లర్ సంస్థ కలకత్తాలో దుకాణం తెరిచి సంస్థానాధీశులకు గాజు దీపవృక్షాలు, గాజు కుర్చీలు కూడా అమ్మింది. హైదరాబాదు ఫలక్‌నుమా భవనంలో 101 మంది ఒకేసారి కూర్చునే భోజనబల్ల ఆ యుగపు జ్ఞాపకమే. ఒక్కో వంటకానికి ఒక్కో గ్లాసు చొప్పున కుడివైపు వరుసగా పేర్చడం విక్టోరియా యుగపు మర్యాద. ఏది దేనికో తెలియకపోవడం ఆ బల్ల దగ్గర మనిషిని పట్టిచ్చే గుర్తు.

బల్ల మీద ఈ వరుస పేరుస్తున్న కాలంలోనే బల్ల బయట ఆబ్కారీ చట్టాలు బిగిశాయి. బొంబాయిలో 1878, మద్రాసులో 1886. ఈత చెట్టుకు పన్ను, తాటి చెట్టుకు పన్ను, ఇప్పపువ్వు నిల్వ నేరం, ఊళ్లో కాచుకుంటే జైలు. కాంట్రాక్టు పాడుకున్నవాడికి లాభం, సర్కారుకు రాబడి. దొర గ్లాసులో ఉన్నది అభిరుచి, గౌడ కులస్థుడి లొట్టిలో ఉన్నది ఆదాయ వనరు. స్వాతంత్ర్యోద్యమం కల్లు దుకాణాల ముందు పికెటింగ్ చేసినప్పుడు ఈ ఆబ్కారీ రాబడి మీదే దెబ్బ కొట్టింది. 1937లో రాజాజీ మంత్రివర్గం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. పోయిన రాబడిని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చింది. ఆ నిషేధం పోయింది. ఆ పన్ను మాత్రం నేటి జీఎస్టీ దాకా పేర్లు మార్చుకుంటూ బతికింది.

మధ్యలో ఒక విఫల ప్రయత్నాన్ని చెప్పుకోవాలి. కాశ్మీరు మహారాజు రణబీర్ సింగ్ బోర్డో నుంచి తీగలు తెప్పించి నాటించాడు. భారతదేశపు ద్రాక్షారసాలను 1883-84లో కలకత్తా అంతర్జాతీయ ప్రదర్శనలో ఉంచారు. ఇంతలో యూరప్ తోటలను మట్టుబెట్టిన ఫిలాక్సెరా అనే వేరుపురుగు ఇక్కడికీ చేరింది. అంతటితో ఆ కథ ఒక శతాబ్దం పాటు మూతపడింది.

రాజ్యాంగ సభలో మద్యనిషేధంపై చర్చ 1948 నవంబరు 24న జరిగింది. నేటి 47వ అధికరణం అప్పటి ముసాయిదాలో 38వది. సభలో అత్యధికులు నిషేధం వైపే ఉన్నారు. ఛోటానాగపూర్ ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ లేచి, ఈ నిబంధన దేశంలోని అతి ప్రాచీన ప్రజల మతాచారంలో జోక్యం చేసుకుంటుందని అభ్యంతరం చెప్పారు. బియ్యపు బీరు లేని పూజ తమవారికి లేదన్నారు, అది లేకుండా వరినాట్లు కూడా సాగవన్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు నాయకత్వం వహించిన ఆయనకు ద్రాక్షారసం గ్లాసు మర్యాద తెలియనిది కాదు. ఆయన వాదించినది మాత్రం ఆకు దొన్నె కోసం. సభ వినిపించుకోలేదు. రాజ్యాంగపు అధికరణంలో ద్రాక్షారసం, సారా, కల్లు అన్న తేడా లేదు. మత్తు పానీయాలన్నీ ఒకటే. ఆ తేడా తరువాత శాసనాల్లోకి, లైసెన్సుల్లోకి, చివరకు సుంకాల పట్టికల్లోకి మెల్లగా చొరబడింది.

1949 నాటి బొంబాయి చట్టం పర్మిట్ల వ్యవస్థను తెచ్చింది. విదేశీయుడికి పర్మిట్, వైద్యుడు రాసిచ్చినవాడికి పర్మిట్. మొరార్జీ దేశాయి ప్రధాని అయ్యాక దేశమంతటా నిషేధం విస్తరింపజేయాలని చూశారు, ప్రభుత్వమే నిలవలేదు.

బొంబాయిలో ఈ పర్మిట్లు రాస్తున్న దశాబ్దంలోనే ఆస్ట్రియాలో నేటి ఎర్ర మద్యం గ్లాసు రూపుదిద్దుకుంది. దానిని కేవలం సొగసు కథగా చెబుతారు గానీ, అదీ యుద్ధ రాజకీయాల సంతానమే. రీడెల్ కుటుంబం బొహీమియాలో తరతరాలుగా గాజు చేసిన జర్మన్ భాషీయులు. 1945లో చెకోస్లోవేకియా ప్రభుత్వం వారి కర్మాగారాలను జాతీయం చేసింది. ఇంటి పెద్ద వాల్టర్‌ను సోవియట్ సైన్యం తీసుకుపోయింది. ఆయన పదేళ్ల తరువాత గానీ తిరిగి రాలేదు. కొడుకు క్లాస్ యుద్ధఖైదీగా రైలులో తరలిపోతూ ఆస్ట్రియాలో దూకి తప్పించుకున్నాడు. స్వరోవ్‌స్కీ కుటుంబం ఆసరాతో 1956లో తండ్రీకొడుకులు కుఫ్‌స్టైన్‌లో మూతపడిన గాజు ఫ్యాక్టరీని తీసుకుని మళ్లీ మొదలుపెట్టారు. రెండేళ్లకు క్లాస్ బర్గండీ మద్యం కోసం ఒక గ్లాసు చేశాడు. చెక్కడం లేదు, రంగు లేదు, బంగారు అంచు లేదు. గుమ్మడికాయంత కడుపు, పొడవైన కాడ, గుడ్డుపెంకంత పలుచని అంచు. 1973లో ఒక్కో ద్రాక్ష రకానికి ఒక్కో ఆకారం చొప్పున వరుస విడుదల చేశాడు. అంతవరకు గ్లాసు యజమాని హోదాను చూపేది. ఈ గ్లాసు మద్యానికి నౌకరీ చేసింది. కొంతకాలానికి అదే హోదాకు కొత్త గుర్తు అయింది, అది వేరే సంగతి.

ఆకారానికీ రుచికీ ఉన్న సంబంధాన్ని గురించి చెలామణిలో ఉన్న మాటల్లో కొన్ని నిజాలు, కొన్ని వ్యాపారపు మాటలు. ఫలానా గ్లాసు మద్యాన్ని నాలుక మీద ఫలానా చోట పడేస్తుంది, అక్కడే తీపి తెలుస్తుంది, ఇక్కడే పులుపు తెలుస్తుంది అన్నది ఒట్టిమాట. నాలుకకు అటువంటి పటం లేదు. 1901 నాటి ఒక జర్మన్ పరిశోధనను తరువాతివారు తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల పుట్టి, పాఠ్యపుస్తకాలకెక్కిన భ్రమ అది. వాసన సంగతి వేరు. మనం రుచి అనుకునేదానిలో పెద్దపాలు వాసనదే. 2015లో జపాన్ శాస్త్రజ్ఞుడు కోజీ మిత్సుబయాషీ బృందం మద్యం మీది ఆవిరిని కెమెరాకు కనిపించేలా చేసింది. కడుపు గల వైన్ గ్లాసులో, 13 డిగ్రీల వద్ద, ఆల్కహాలు ఆవిరి అంచు చుట్టూ వలయంలా నిలిచి మధ్యలో పలుచబడింది. నిటారు గ్లాసులో, మార్టిని గ్లాసులో అలా వలయం కట్టలేదు. ముక్కు మధ్యలో పెట్టినవాడికి ఘాటు తక్కువగా, పరిమళం ఎక్కువగా తగలడానికి అదొక వివరణ.

కాబట్టి ఎంచుకోవలసిన గ్లాసుకు కావలసినవి నాలుగైదే. కడుపు వెడల్పుగా, నోరు దానికన్నా ఇరుకుగా ఉండాలి. అప్పుడే గుండ్రంగా తిప్పినా తొణకదు, వాసన లోపలే నిలుస్తుంది. అంచు పలుచగా ఉండాలి. గాజుకు రంగు, చెక్కడం వద్దు. ఎర్ర మద్యం వయసు దాని అంచు రంగులోనే తెలుస్తుంది. కొత్తది ఊదా, పాతది ఇటుక. మూడోవంతుకు మించి పోయకూడదు. కాబర్నే, షిరాజ్ వంటి వగరు గల గట్టి మద్యాలకు పొడవైన పెద్ద గ్లాసు, పినో న్వార్ వంటి సున్నితమైన వాటికి వెడల్పు బుడ్డి వంటిది మేలు. ఇంట్లో రెండు రకాలు పెట్టుకునే చోటు లేనివారికి మధ్యస్థమైన ఒక్క రకం చాలు. వృత్తిగా రుచి చూసేవారికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1977లో నిర్ణయించిన గ్లాసు అరచేతిలో ఇమిడేంత చిన్నది. సబ్బు వాసన, బీరువా వాసన అంటిన ఖరీదైన గ్లాసుకన్నా వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన చవక గ్లాసు నయం. సీసం కలిసిన పాత క్రిస్టల్ కూజాలో మద్యాన్ని రోజుల తరబడి నిల్వ ఉంచడం అసలే మంచిది కాదు, సీసం అందులోకి దిగుతుంది.

మన దేశంలో గ్లాసుకన్నా ముందు చూడవలసినది వేడి. ఎర్ర మద్యాన్ని గది ఉష్ణోగ్రతలో తాగాలన్న నియమం పాత యూరప్ రాతి ఇళ్లను చూసి పుట్టింది. అంటే 16 నుంచి 18 డిగ్రీలు. బెజవాడలో మే నెల గది అందుకు రెట్టింపు. అంత వేడిలో ఏ గొప్ప మద్యమైనా సారాలా ఘాటెక్కుతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, కాడ పట్టుకుని తాగితే అరచేతి వేడి తగలదు. కాడ ఉన్నది అందుకే.

తెలుగువారి భాష ఈ రెండు మాటలనూ విచిత్రంగా స్వీకరించింది. 'గ్లాసు' అంటే మనకు గాజుది కానక్కరలేదు. స్టీలు గ్లాసు, ఇత్తడి గ్లాసు, ప్లాస్టిక్ గ్లాసు. 'వైన్స్' అంటే ద్రాక్షారసం ఉండనక్కరలేదు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ వరకు ప్రతి పట్టణంలోనూ 'వైన్స్' బోర్డు కనిపిస్తుంది. లోపల బ్రాందీ, విస్కీ, రమ్ము, బీరు. మేలైన ఎర్ర ద్రాక్షారసం అడిగితే దుకాణదారు పై అరలో దుమ్ము పట్టిన ఒక్క సీసా వెతికి తీస్తాడు. ద్రాక్షారసమన్న అసలు మాట బైబిలు అనువాదంలో, చర్చి బల్ల మీద భద్రంగా ఉంది. సారా అన్న మాటకు మాత్రం వేరే చరిత్ర. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం తెచ్చింది. రెండేళ్లకు సంపూర్ణ నిషేధం సడలింది, సారా నిషేధం మిగిలింది. కూలివాడి పొట్లం పోయింది, సీసా తిరిగొచ్చింది.

ఇదే కాలంలో మహారాష్ట్ర, కర్ణాటకలలో ద్రాక్షారసం పరిశ్రమగా లేచింది. 1980లలో శ్యాం చౌగులే నారాయణగావ్‌లో, కన్వల్ గ్రోవర్ బెంగళూరు దగ్గర నంది కొండల దిగువన, 1990ల చివర రాజీవ్ సామంత్ నాసిక్‌లో ఫ్రెంచి తీగలు నాటారు. అక్కడ ద్రాక్ష కోత శీతాకాలం చివర, ఫిబ్రవరి, మార్చి నెలల్లో. వేసవి ఎండ ముదరకముందే పండు దించాలి. 2001లో మహారాష్ట్ర ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి ఎక్సైజ్ సుంకం మినహాయించింది. ఆ తరువాత అమ్మకపు పన్నులో అధికభాగం తిరిగి చెల్లించే పథకమూ పెట్టింది. రైతుకు మేలన్నది ప్రభుత్వ వాదన, అందులో నిజం ఉంది. తాటిచెట్టు ఎక్కేవాడూ, ఇప్పపువ్వు ఏరేవాడూ వ్యవసాయదారులే కదా అన్న ప్రశ్న చాలా ఏళ్లు ఎవరూ అడగలేదు. గోవా 2016లో ఫెనీకి వారసత్వ పానీయం హోదా ఇచ్చింది. మధ్యప్రదేశ్ 2022లో ఆదివాసీల ఇప్పసారాను అదే పేరుతో చట్టబద్ధం చేసింది. జైపాల్ సింగ్ మాటకు డెబ్బై నాలుగేళ్ల తరువాత దక్కిన పాక్షిక సమాధానం అది.

విదేశీ ద్రాక్షారసం సుంకాల కథ మరీ వినోదం. 2001 తరువాత కేంద్రం దానిపై అదనపు కస్టమ్స్ సుంకం వేసింది. యూరప్, అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 2007 జులైలో భారత్ అదనపు సుంకం ఎత్తివేసి, అదే రోజుల్లో మద్యం మీద మూల సుంకాన్ని 100 నుంచి 150 శాతానికి పెంచింది. 2021 బడ్జెట్‌లో మూల సుంకాన్ని 50 శాతానికి దించి, 100 శాతం వ్యవసాయ సెస్సు వేశారు. మొత్తం మళ్లీ 150. రాష్ట్రాలతో పంచుకోనక్కరలేని భాగం మాత్రం పెరిగింది. 2022 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందంలో సుంకం తగ్గింది గానీ అన్ని సీసాలకూ కాదు. 5 డాలర్లకు తక్కువ విలువ గల సీసాకు తగ్గింపు లేదు. 5 డాలర్ల పైన ఉన్నదానికి 100 శాతం, 15 డాలర్ల పైన ఉన్నదానికి 75 శాతం, ఏటా మరింత దిగుతుంది. ఖరీదు పెరిగేకొద్దీ పన్ను తగ్గే సరుకులు మన సుంకాల పట్టికలో ఎన్ని ఉన్నాయో పార్లమెంటులో ఎవరైనా అడిగితే బాగుండును.

2022 జనవరి 27న మహారాష్ట్ర మంత్రివర్గం వెయ్యి చదరపు అడుగులు, అంతకు మించిన సూపర్‌మార్కెట్లలో ద్రాక్షారసం అమ్మవచ్చని నిర్ణయించింది. అధికార కూటమికి చెందిన సంజయ్ రౌత్ ద్రాక్షారసం మద్యమే కాదన్నారు. ప్రతిపక్షంలో ఉన్న ఫడ్నవీస్ మహారాష్ట్రను మద్యరాష్ట్రం చేస్తున్నారన్నారు. రాళేగణ్ సిద్ధిలో అన్నా హజారే ఫిబ్రవరి 14 నుంచి నిరశనకు సిద్ధపడ్డారు. ప్రజాభిప్రాయం కోరతామని ప్రభుత్వం హామీ ఇచ్చాక విరమించారు. చదరపు అడుగుల కొలత వెనుక ఆలోచన ఏమిటో ఆ గొడవలో ఎవరూ తరచి చూడలేదు. వెయ్యి అడుగుల దుకాణానికి వెళ్లేవాడి చేతిలో సీసా రైతు సంక్షేమం, వంద అడుగుల కొట్టుకు వెళ్లేవాడి చేతిలో అదే సీసా సామాజిక సమస్య. ఆ ఏడాది జూన్‌లో ప్రభుత్వమే కూలిపోయింది.

రాష్ట్రపతి భవన్ అధికార విందులలో విదేశీ అధినేతలకు మద్యం పోయరన్నది స్వతంత్ర భారతపు సంప్రదాయం. ఉపన్యాసం ముగిశాక ఇరుదేశాల నాయకులు లేచి, పండ్లరసంతోనో మంచినీళ్లతోనో నింపిన గ్లాసులెత్తి పరస్పరం ఆరోగ్యాన్ని ఆకాంక్షిస్తారు. ఆ గ్లాసులకు కాడలు ఉంటాయి.